పైలం అనకుండా విసిరిన బంతి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఫోన్‌లో మూడుసార్లు చూస్తే చాలు, ఈ లోకంలో మనిషికి రాని విద్యంటూ ఉండదని. (ఉప్మా చేయడం అలాగే నేర్చుకున్నాను. అది తిన్న నా రూమ్మేట్ ఇప్పుడు పెళ్లాం పిల్లలతో సుఖంగా ఉన్నాడు కానీ, ఉప్మా మాటెత్తితే మాత్రం లేచి వెళ్లిపోతాడు.) ఇరవై మూడేళ్లు, డిచ్‌పల్లిలో వ్యాయామ విద్య చదివి వచ్చిన వేడి, మెడలో కొత్త విజిల్. బోధన్ దారిలో ఉన్న ఒక ప్రైవేటు బడిలో పీఈటీ ఉద్యోగానికి వెళ్తే, నాకంటే ముందు కూర్చున్న ఇద్దరూ కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అని చెప్పి వచ్చేశారు. ఇక నాకు మిగిలిందేముంది? "బేస్‌బాల్ సార్" అన్నాను. నిజం చెప్పాలంటే కాలేజీ బేస్‌బాల్ జట్టులో నా పని స్కోరు రాయడం, కిట్టు బ్యాగు మోయడం. ఆ బ్యాగు బరువెంతో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఆ మాటైతే ఒప్పుకోవాలి.

ఆ బడి పెద్దసారు ప్రతి మాట చివరా "సమజైందా?" అంటాడు. అర్థమైనా కాకపోయినా మనం తల ఊపాలి. బేస్‌బాల్ అనగానే ఆయన కళ్లు మెరిశాయి. "ఆడేటోళ్లు తక్కువుంటరు. అంటె గెల్చుడు అల్కగ. సమజైందా?" అన్నాడు. ఊపాను. ఉద్యోగం వచ్చింది. చేరిన మూడో నెలలో మళ్లీ పిలిచి ఇంకో మాట చెప్పాడు. "పీఈటీ సార్, ఆడపిల్లల గేమ్స్ పీరియడ్ మీద తల్లిదండ్రులు గులుగుతున్నరు. చలికాలంల జిల్లా పోటీలున్నయి. ఒక్క మ్యాచన్న గెల్వుండ్రి, పీరియడ్ ఉంటది. గెల్వకుంటె బంద్. ఆ టైముల లెక్కల క్లాసు. సమజైందా?" ఈసారి నిజంగానే సమజైంది. పిల్లలకు చెప్తే వాళ్ల ముఖాలు చూడాలి! వారంలో వాళ్లు గట్టిగా అరవడానికీ, పరిగెత్తడానికీ, రెండు జడలూ ఊడిపోయేలా గెంతడానికీ ఉన్నవి ఆ రెండు గంటలే. అవి కూడా లెక్కల పాలవుతాయంటే తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు అక్కడే ఏడ్చేశారు.

మా సరంజామా గురించి కూడా చెప్పాలి. పది గ్లవ్స్ తెప్పిస్తే అందులో మూడు ఎడమచేతి వాటం వాళ్లవి వచ్చాయి. (పాపం ఆ మూడు దక్కిన పిల్లలు కిక్కురుమనకుండా ఎడమచేత్తో విసరడం నేర్చుకున్నారు. నాకు విషయం తెలిసేసరికి పదిహేను రోజులైంది.) బేసులకు దిక్కులేక నిజామాబాద్ మార్కెట్ యార్డు నుంచి పాత పసుపు సంచులు నాలుగు తెచ్చి, ఊక నింపి కుట్టించాను. వాటి మీద జారిన ప్రతి పిల్లా పెళ్లికూతురిలా పచ్చగా ఇంటికి వెళ్లేది. "బడికి పంపిస్తె నలుగు పెట్టి పంపుతున్నరేంది సార్?" అని ఒక తల్లి వచ్చి అడిగింది కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పిల్లలకు కొట్టడం రాదు. బ్యాటు ఊపితే గాలి తప్ప ఏదీ తగలదు. కానీ విసరడం, అబ్బో! పొలాల్లో పెరిగిన చేతులు. అందుకని ఫోన్‌లో వెతికి వెతికి మాకు సరిపోయే విద్య ఒకటి పట్టుకున్నాను. దాని పేరు పికాఫ్. తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెప్తాను, తెలిసినవారు ఓపిక పట్టండి. మైదానంలో నాలుగు మూలలు, మూలకొక సంచి. బంతి కొట్టిన పిల్ల మొదటి సంచి దగ్గరకు చేరి ఆగుతుంది. సంచి మీద కాలున్నంతసేపు ఆమెను ఎవరూ ఏమీ చేయలేరు. కానీ రెండో సంచి మీద ఆశ కదా, మెల్లగా నాలుగైదు అడుగులు ముందుకు జరుగుతుంది. మన బంతి వేసే పిల్ల ఎదురుగా బ్యాటు పట్టుకున్న ఆమెనే చూస్తున్నట్టు నిలబడి, చటుక్కున తిరిగి మొదటి సంచి దగ్గరికి విసరాలి. అక్కడున్న మన పిల్ల దాన్ని పట్టి, ముందుకు జరిగిన ఆమె వెనక్కి రాకముందే బంతి ఉన్న చేతితో తాకితే అవుట్. ఇంతే. ఇందులో కిటుకంతా ఒక్కటే, ముందుగా ఎవరికీ తెలియకూడదు.

బంతి వేయడానికి లంబు అని పిలిచే పిల్లను పెట్టాను. రెంజల్ వైపు రైతుల బిడ్డ, పదో తరగతి, వరుసలో నిలబడితే అందరికంటే తలెత్తు పొడుగు. మొదటి సంచి దగ్గర బిజిలీ. బోధన్‌లో వాళ్ల నాన్నకు గాజుల దుకాణం. అటకమీద నుంచి నాన్న జారవిడిచే గాజుల పెట్టెలను కింద నిలబడి పట్టుకుంటూ పెరిగింది, చేతిలోకి వచ్చింది కింద పడితే ఒట్టు. ఇంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? నేను టోపీ ముట్టుకుంటే అది గుర్తు, లంబు తిరిగి విసరాలి. మొదటిరోజు అందరినీ నిలబెట్టి, విజిల్ ఊది, టోపీ ముట్టుకున్నాను. లంబు గిర్రున తిరిగింది. ఎంత బాగా తిరిగిందని! తిరిగి, చెయ్యెత్తి, రోడ్డు మీద పోయే బస్సుకు కూడా వినిపించేలా "పైలం!" అని, అంటే జాగ్రత్త అని, అరిచి, అప్పుడు విసిరింది. ఆ పిలుపు విని, అవుట్ కావలసిన పిల్ల జడ సర్దుకుంటూ తీరిగ్గా నడిచివచ్చి సంచి మీద నిలబడింది.

"ఏందమ్మా అది?" అన్నాను.

"ఇసుర్తున్న గద సార్. చెప్పాలె గద."

"చెప్పొద్దు. చెప్పకుండా విసరడమే ఈ ఆట."

లంబు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చెప్పకుంట ఎవల మీదికన్న ఇసుర్తరా సార్? తాకితె? మా చిన్నబాపు ముందలి పన్ను గట్లనే వోయింది. చెరుకు మోపు చెప్పకుంట ఇసిరిండొకడు. గప్పటి సంది మా ఇంట్ల పైలమనకుంట గరిటె గూడ ఇయ్యరు."

ఇంకేముంది, రెండు నెలలు ఆ ఒక్క మాటతో నా కుస్తీ. మైదానం చుట్టూ పరిగెత్తించాను. పరిగెత్తి వచ్చి మళ్లీ "పైలం!" అంది. నోట్లో నీళ్లు పోసుకుని విసరమన్నాను. గుటుక్కున మింగి "పైలం!" అంది. చివరికి నా విజిల్ తీసి ఆమె పళ్ల మధ్య పెట్టి, దీన్ని వదలొద్దు అని చెప్పాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను ఆ క్షణం.) ఆమె తిరిగింది, విసిరింది, ఆ నోటిలోని మాట విజిల్‌లోంచి కుయ్యిమని వచ్చింది. విజిల్ అంటే ఆట ఆపాలని నేర్పింది నేనే కదా, తొమ్మిదిమందీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు, బంతి మాత్రం ఆగకుండా పోయి పెద్దసారు కిటికీకి తగిలింది. అంతటితో అయిందా? అలవాటు జట్టంతటికీ అంటుకుంది. ఎవరు ఎవరికి బంతి విసిరినా పైలమే. ఒకరోజు లంబును ఎలాగో నోరు మూయించి విసిరిస్తే, ఎప్పుడూ బంతి వదలని బిజిలీ వదిలేసింది. "ఏమైంది?" అంటే, "పైలం అనకపోతె చెయ్యి లేస్తలేదు సార్. ఆదత్ అయిపోయింది. జర అననియ్యిండ్రి" అని నన్నే బతిమాలింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం లంబు వాళ్ల ఊరికి బండేసుకుని వెళ్లాను. తండ్రితో చెప్పిస్తే వింటుందేమోనని. వెళ్లేసరికి చేనులో చెరుకు నింపుతున్నారు. కింద లంబు వాళ్ల బాపు మోపులు ఎత్తి విసురుతుంటే, ట్రాలీ మీద చిన్నబాపు, అంటే ఆమె బాబాయి, పట్టి పేరుస్తున్నాడు. ప్రతి మోపుకూ ఒక పైలం. గట్టు మీద కూర్చున్న లంబు వాళ్ల అవ్వ నన్ను చూసింది. నేను వచ్చిన పని మొదలుపెట్టేలోపే, "ఏం పంతులూ, చేతులు కట్టుకోని నిలవడ్డవ్? నాలుగు మోపులందియ్యి, పుణ్యముంటది" అంది. పిల్లలకు విసరడం నేర్పే మనిషిని, వెనకాడితే పరువేముంది! చొక్కా చేతులు మడిచి, ఒక మోపు ఎత్తి, ఫోన్‌లో చూసినట్టు నడుము తిప్పి మరీ విసిరాను. నోరు మాత్రం మెదపలేదు. పైన చిన్నబాపు తలకు తువ్వాల చుట్టుకుంటున్నాడు. మోపు వెళ్లి ఆయన భుజానికి తగిలింది, ఆయన ధబేల్మని చెరుకులో కూలబడ్డాడు. మనిషికి ఏమీ కాలేదు. కానీ లేచి నోరు తెరిచేసరికి ముందు పన్ను లేదు. కట్టించుకున్న పన్ను అది, ఎగిరి చెరుకు ఆకుల్లో ఎక్కడో పడింది.

ఇంటిల్లిపాదీ పని ఆపి పన్ను వెతికారు. నేనూ మోకాళ్ల మీద పాకుతూ వెతికాను. అరగంట తర్వాత లంబుకు దొరికింది. ఆ పిల్ల పన్ను కడిగి చిన్నబాపు చేతిలో పెట్టి నా వైపు ఒక చూపు చూసింది, అంతే. అనాల్సిందంతా అవ్వ అంది. "సదువు చెప్పే పంతులువి! గింత మాట నోట్లెకెళ్లి రాదానయ్యా నీకు? దానికేమన్న ఖర్సైతదా?" చిన్నబాపు మాత్రం పన్ను బిగించుకుని నవ్వాడు. "పోనియ్యవ్వా, రొండోసారి గద, ఆ పన్నుకు అల్వాటే." నేను సిగ్గుతో మిగిలిన చెరుకంతా నింపాను, మోపు మోపుకూ పైలం అంటూ. వచ్చిన పని సంగతి ఎత్తితే ఒట్టు. ఆ రాత్రి రూములో నీళ్ల సీసా అందిస్తూ కూడా పైలం అన్నానట. రూమ్మేట్ భయపడి సీసా పట్టుకోలేదు.

పోటీల రోజు రానే వచ్చింది. నిజామాబాద్‌లో మైదానం, ఎదుటి జట్టు టౌన్‌లోని పెద్ద బడి. అందరికీ ఒకే రంగు బూట్లు. మా పెద్దసారు స్వయంగా వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆట మొదలైంది. దేవుడి దయవల్ల మావాళ్లు నాలుగు పరుగులు చేశారు. (మూడు వాళ్ల తప్పుల వల్ల, నాలుగోది మా తప్పు వల్ల. అదెలాగో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.) వాళ్లవి మూడు. కానీ మా పైలం రహస్యం రెండో ఇన్నింగ్స్‌కల్లా మైదానమంతా తెలిసిపోయింది. వాళ్లలో ఒక పిల్లకు మావాళ్లు గుర్రం అని పేరు పెట్టారు, అంత వేగం. ఆ గుర్రం మొదటి సంచి దగ్గర నిలబడి, నవ్వుతూ, ఆరేసి అడుగులు ముందుకు జరిగేది. లంబు పైలం అనగానే తీరిగ్గా వెనక్కి వచ్చేది. ఒకసారైతే తనే "పైలం!" అని అరిచి మావాళ్లను ఆటపట్టించింది. వాళ్ల జట్టంతా కడుపు పట్టుకుని నవ్వారు. పెద్దసారు నన్ను చూసిన చూపులో నాకు లెక్కల పీరియడ్ కనిపించింది.

ఆఖరి ఇన్నింగ్స్. మేము ఒక్క పరుగు ముందున్నాం, మూడు అవుట్లతో ఇన్నింగ్స్ ముగుస్తుంది, వాళ్లకు ఇద్దరు అవుటైపోయారు, ఇంకొక్కరు అవుటైతే గెలుపు మాది. కానీ మొదటి సంచి దగ్గర నిలబడ్డది గుర్రమే. కదిలిందంటే ఆగదు. నేను ఆట ఆపమని అడిగి లంబు దగ్గరకు పరిగెత్తాను. "అమ్మా, ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి నోరు మూసుకుని విసురు. నా కోసం కాదు, మీ పీరియడ్ కోసం" అన్నాను. ఆ బతిమాలడంలో నటన ఏమీ లేదు, నిజంగానే భయం.

లంబు బంతిని అటూ ఇటూ తిప్పింది. "ఒక్కసారే సార్. ఎవలకన్న ఏమన్న అయితె మీ మీదనే" అంది.

"నా మీదే" అన్నాను ధీమాగా.

వచ్చి నా చోట నిలబడ్డాను. గుర్రం ఆరడుగులు జరిగింది, ఏడో అడుగు కూడా వేసింది. పైలం వినబడాలి కదా, అప్పుడు చూసుకుందాంలే అని ధైర్యం. నేను టోపీ ముట్టుకున్నాను. లంబు తిరిగింది. ఈసారి పైలం అనలేదు. బంతి చేయి దాటింది. దాటిన మరుక్షణం నాకు తెలిసింది, అది సంచి వైపు కాక కాస్త పక్కకు పోతోందని. నోరు బిగబట్టడంతో ఆ పిల్ల చేయి తప్పింది. అదే సమయానికి గుర్రం ఏదో అనుమానం వచ్చి వెనక్కి తిరిగింది. బంతి సూటిగా ఆ పిల్ల ముఖం మీదికి పోతోంది. పీరియడ్, ఉద్యోగం, కుర్చీలో పెద్దసారు, అన్నీ నా బుర్రలోంచి మాయమయ్యాయి. నా గొంతులోంచి, నాకు తెలియకుండానే, అవ్వ విన్నా మెచ్చుకునేంత గట్టిగా వచ్చేసింది.

"పైలం!"

గుర్రం గభాలున నేల మీద పడుకుంది. బంతి ఆమె జడ మీదుగా పోయింది. బిజిలీ ఒంగి సాగి దాన్ని గ్లవ్‌లో పట్టేసింది. పైలం విన్నది కదా, చెయ్యి లేచింది! ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, కింద పడివున్న పిల్లను తాకడం. మేమంతా "ముట్టు! ముట్టు!" అని అరుస్తున్నాం. బిజిలీకి ఒక్కరి గొంతూ వినబడలేదు. పరుగున పోయి, "అయ్యో, దెబ్బ తాకిందా అక్కా? లే, లే, మెల్లగ" అంటూ రెండు చేతులూ ఆ పిల్ల చంకల కింద పెట్టి లేపింది. ఒంటి మీది దుమ్ము దులిపింది. గ్లవ్‌తోనే దులిపింది. నేను తల పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అప్పుడు అంపైర్ చేయి లేచింది.

"అవుట్!"

ఎవరికీ అర్థం కాలేదు. అంపైర్ నిదానంగా చెప్పాడు. "బంతి ఉన్న చెయ్యి తాకింది. కాలు సంచి మీద లేదు. లేపుడైతె ఏంది, దులుపుడైతె ఏంది? అవుటు అవుటే." మ్యాచ్ మాది. మావాళ్లు గెంతుతుంటే బిజిలీ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఖుదా కసం సార్, నేను లేపిన, అంతే. అవుట్ చెయ్యలే!" గుర్రమే వచ్చి ఆమె భుజం తట్టింది. "పోనీ తియ్యి. మీ సారు పైలమనకపోతె నా మూతి పగిలేదుండె" అంది. ఆ సాయంత్రం లంబు వాళ్ల ఇంటినుంచి తెచ్చిన చెరుకు గడలు రెండు జట్లూ పంచుకుని తిన్నాయి. (తర్వాతి మ్యాచ్‌లో మేము ఎన్ని పరుగుల తేడాతో ఓడామన్నది ఇక్కడ అప్రస్తుతం.)

పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు. "పీఈటీ సార్, మీరు పైలమనుడు, ఆ పిల్ల పండుడు, ఈ పిల్ల లేపుడు, గిదంత ముందుగాల్నే ప్లానా?" అన్నాడు. "అవును సార్" అన్నాను, కన్నార్పకుండా. "సమజైంది" అన్నాడు ఆయన. ఆ నోట ఆ మాట ప్రశ్న కాకుండా రావడం నేను విన్నది అదొక్కసారే. ఆడపిల్లల పీరియడ్ నిలిచింది. లంబు మాత్రం చెరుకు నములుతూ, "నన్ను అనొద్దంటిరి. మీరే అంటిరి గద సార్" అంది. నేనూ ఒక చెరుకు గడ అందుకుని నమలడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నాకు కాస్త పొట్ట వచ్చింది, వేరే బడికి మారాను, ఫోన్‌లో చూసి ఏదీ నేర్పడం లేదు. లంబు కూడా పీఈటీ అయింది. పోయిన నెల ఫోన్ చేసింది. "సార్, నేను గూడ పికాఫ్ నేర్పుతున్న. పిల్లలు మస్తు తెలివిగల్లోళ్లు. ఒక్కలు నోరు తెరుస్తలేరు, అవుట్ల మీద అవుట్లు" అంది. మంచిదే కదమ్మా అంటే, "మంచిదే సార్. గని ఆళ్లు ఇసిరినప్పుడల్ల బయట నిలవడి నేనే పైలమంటున్న. ఆగుతలేదు. ఏం జెయ్యాలె?" అంది. "విజిల్ నోట్లో పెట్టుకో" అన్నాను. అటునుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

ఫోన్ పెట్టేశాక ఆ ఇరవై మూడేళ్ల పీఈటీ గుర్తొచ్చాడు. రెండు నెలలు చెమటోడ్చి ఒక పిల్ల నోటినుంచి ఒక్క మాట తీసేయలేకపోయాడు, ఆఖరికి ఆ మాటే తన నోటికి అంటించుకుని వచ్చాడు. వాడు ఓడిపోయినందుకు నాకిప్పుడు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. బండి తీద్దామని కిందికి దిగాను. తాళం మరిచిపోయానని గుర్తొచ్చి పైకి చూస్తే, మా ఆవిడ బాల్కనీలోంచి నోరు మెదపకుండా విసిరేసింది. పట్టుకోలేకపోయాను. "చూస్తూనే ఉన్నారుగా, పట్టుకోలేరూ?" అంది. నా చెయ్యి లేవలేదని ఆమెకు ఎలా చెప్పను? తాళం ఏరుకుని, దుమ్ము దులుపుకుని, నవ్వుకుంటూ బడికి పోయాను.